రాత్రి ఫోన్ ఎందుకు రాలేదు: ఒక రొయ్యల సాగు యజమానితో చేసిన కోచింగ్ కేసు

నెల్లూరు జిల్లా తీరంలో రొయ్యల గుంటలున్న ఒక కుటుంబానికి సంబంధించిన కేసు ఇది. యజమానికి నలభై దాటాయి. తండ్రి టైగర్ రొయ్యతో మొదలుపెట్టి, తొంభైల్లో వైట్ స్పాట్ రోగం దెబ్బ తిని, మళ్లీ నిలదొక్కుకున్న మనిషి. 2009లో దేశంలో వన్నామై అనే రొయ్య రకం సాగుకు అనుమతి వచ్చాక అందరిలాగే వాళ్లూ దానికి మారారు. ఇప్పుడు పెద్దాయన లేరు, గుంటలన్నీ కొడుకు చూసుకుంటున్నారు. కొన్ని సొంతవి, ఎక్కువ లీజువి. ఊరు, విస్తీర్ణం, కుటుంబ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. యజమాని చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను.

నేను కుటుంబ వ్యాపారాలు నడిపేవాళ్లకు కోచింగ్ చేస్తాను. మెదడు పరిశోధనల్లో పనికొచ్చేవి తీసుకుని వాడతాను. నేను డాక్టర్ని కాదు, ఎవరి మెదడునూ స్కాన్ చేయించను. ఈ కేసులో మెదడు గురించి రాసినదంతా ఇతరుల ప్రయోగాల నుంచి తీసుకున్నదే. అది మా గుంట గట్టు మీద ఎంతవరకు సరిపోయిందో చూసి వాడుకున్నాను.

ఆయన అడిగింది

"మా వాళ్లకి బాధ్యత లేదు సార్. మీరు బ్రెయిన్ సైన్స్ చెప్తారంట గదా, అదేదో సూపర్‌వైజర్లకీ షెడ్డు కుర్రాళ్లకీ కలిపి ఒక ట్రైనింగ్ పెట్టండి." మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయన అడిగింది ఇంతే.

కారణం ఒక వేసవి రాత్రి. పట్టుబడికి దగ్గర పడిన గుంట. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, కానీ ఏరేటర్ల (నీళ్లని చిలికి గాలి పట్టించే యంత్రాల) లైనొకటి ట్రిప్ అయింది. కాపలా కుర్రాడు రెండు గంటలప్పుడే డీవో (నీళ్లలో ఆక్సిజన్) పడిపోవడం చూశాడు. యజమానికి ఫోన్ వచ్చింది మాత్రం ఐదు దాటాక. అప్పటికే రొయ్య గట్ల పక్కన తేలిపోయింది. మిగిలినదాన్ని కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాకముందే హడావిడిగా పట్టి, ఏజెంటు చెప్పిన రేటుకి ఇచ్చేశారు. నష్టం లక్షల్లో. ఆ కుర్రాడు మర్నాడే ఊరికి వెళ్లిపోయాడు.

సాగు తెలియనివాళ్ల కోసం ఒక మాట. పగలు నీళ్లలోని పచ్చదనం ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రయితే ఆ పచ్చదనమూ, రొయ్యా, అడుగున పేరుకున్న బురదా అన్నీ దాన్ని వాడుకుంటాయే తప్ప తయారు చేసేది ఏదీ ఉండదు. అందుకే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే అందరూ డీవో అనేది, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకి దిగుతుంది. సాధారణంగా నాలుగు పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కిందికి పోకుండా చూసుకుంటారు. మూడు కిందికి వెళ్తే ప్రతి పది నిమిషాలూ డబ్బే. కాబట్టి ఈ వ్యాపారంలో రాత్రి రెండు నుంచి ఐదు వరకు ఎవరు ఎవరికి ఏం చెప్పారన్నదే అసలు మేనేజ్‌మెంట్.

ట్రైనింగ్ వెంటనే ఒప్పుకోలేదు. "బాధ్యత లేదు" అన్నది యజమాని చెప్పిన కారణం. అది నిజమో కాదో తెలియకుండా క్లాసు పెడితే, ఆయన తిట్టే తిట్లనే నేను బోర్డు మీద రాసి చెప్పినట్టవుతుంది. ముందు షెడ్డులో ఉండే లాగ్ బుక్ అడిగాను.

లాగ్ బుక్ చెప్పింది

రాత్రి పదికి 4.8. పన్నెండుకి 4.8. రెండుకి 4.7. నాలుగుకి 4.8. మర్నాడూ దాదాపు అవే అంకెలు. పేజీలు తిప్పితే నెలంతా అదే వరస.

మొదట చూసినప్పుడు క్రమశిక్షణలాగే కనిపిస్తుంది. యజమాని కూడా దాన్ని అలాగే చూపించారు. కానీ రాత్రి పదికీ తెల్లవారుజాము నాలుగుకీ డీవో ఒక్కటే ఉండదు, ఎంత బాగా ఏరేటర్లు తిరుగుతున్నా కొంతైనా దిగాలి. ఆయనకి నాకంటే బాగా తెలిసిన విషయం ఇది. పుస్తకం ఆయన ముందు తెరిచిపెట్టి, "ఈ గుంటలో రాత్రుళ్లు కూడా ఎండ కాస్తుందా?" అని అడిగాను. చాలాసేపు పేజీలు తిప్పారు. బాధ్యత గురించిన మాట ఆ తర్వాత మళ్లీ రాలేదు.

బాధ్యత లేనివాడు పుస్తకం ఖాళీగా వదిలేస్తాడు. ప్రతి రెండు గంటలకీ లేచి, ఎవరూ ప్రశ్న అడగని అంకె వేసేవాడు చాలా జాగ్రత్తపరుడు. ఆ జాగ్రత్త గుంట కోసం కాదు, తన కోసం. తనని ఎవరి నుంచి కాపాడుకుంటున్నాడన్నది తెలుసుకోవడానికి కుర్రాళ్లతో యజమాని లేకుండా విడిగా మాట్లాడాలని షరతు పెట్టాను. ఎవరేమన్నారో చెప్పనని ముందే తేల్చుకున్నాం.

ఒక కుర్రాడు చెప్పింది వాడి మాటల్లోనే: "ఫోన్ చేస్తే అప్పుడే తిడతాడు. చెయ్యకపోతే పొద్దున తిడతాడు. ఒక్కోసారి నీళ్లు వాటంతటవే సర్దుకుంటాయి సార్, అప్పుడు అసలు తిట్లే ఉండవు. ఇంక ఎందుకు చేస్తాం?"

ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఫోన్ చేస్తే శిక్ష ఖాయం, వెంటనే. చెయ్యకపోతే శిక్ష ఆలస్యం, పైగా రాకపోవచ్చు కూడా. చెయ్యకుండా ఊరుకున్న ప్రతి రాత్రీ గండం గడిచినప్పుడల్లా ఊరుకోవడమే సరైన పని అని మెదడు ఇంకొంచెం గట్టిగా నేర్చుకుంటుంది. అనుకున్నదానికంటే మంచి జరిగినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఎక్కువగా స్పందిస్తాయనీ, అనుకున్నది రాకపోతే తగ్గుతాయనీ వొల్ఫ్రామ్ షుల్ట్జ్ బృందం 1997లో చూపించింది. తిట్లు పడతాయనుకుని పడకుండా బయటపడ్డ రాత్రి కూడా అలాంటి పాఠమే చెబుతుంది. ఆ కుర్రాళ్లకి మౌనాన్ని ఆ గుంటే నేర్పింది.

నాకు ఇంకా పనికొచ్చిన పరిశోధన మరొకటి. 2012లో మార్క్ గిటార్ట్-మాసిప్, ఆయన సహచరులు లండన్‌లో చేశారు. తెర మీద బొమ్మలొస్తాయి. కొన్ని బొమ్మలకు బటన్ నొక్కితే డబ్బొస్తుంది, కొన్నిటికి నొక్కకుండా ఆగితే డబ్బొస్తుంది. మరికొన్నిటికి నొక్కితే నష్టం తప్పుతుంది, ఇంకొన్నిటికి ఆగితే తప్పుతుంది. ఏది ఎలాంటిదో ఎవరికి వాళ్లే ఆడుతూ తెలుసుకోవాలి. లాభం కోసం నొక్కడం జనానికి తేలిగ్గా వచ్చింది, నష్టం తప్పించుకోవడానికి ఆగడమూ తేలిగ్గానే వచ్చింది. నష్టం తప్పించుకోవడానికి నొక్కడం మాత్రం కష్టమైంది. శిక్ష కనిపిస్తే మనిషికి కదలకుండా ఉండిపోవడమే ముందు తోస్తుందన్నమాట.

యజమాని కోరుకుంటున్నది సరిగ్గా ఆ కష్టమైన పనే. రాత్రి మూడింటికి, ఒంటరిగా, శిక్ష తప్పించుకోవడానికి ఒక పని చెయ్యాలి. తిట్లు పెంచితే ఫోన్లు పెరుగుతాయని ఆయన నమ్మకం. తిట్లు పెంచిన కొద్దీ కుర్రాడు బిగుసుకుపోతాడు. ఇది ఆయనకి బాగా ఎక్కింది. "అయితే నేనే వాణ్ణి ఆపేస్తుండా" అన్నారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. షెడ్డులో పాతికేళ్లుగా ఉన్న ఒక పాత పనివాడు యజమాని తండ్రి గురించి అన్న మాట: "పెద్ద సామి ఇంతకంటే బూతులు తిట్టేవాడు. అయినా ఏ రాత్రయినా ఆయనకే చెప్పేవాళ్లం." తిట్లే సమస్య అయితే ఇది ఎలా కుదురుతుంది? దీనిమీద చాలా ఆలోచించాను. ఆ పనివాణ్ణి మళ్లీ మళ్లీ అడిగితే తేలిందేమంటే, తండ్రి కబురు వినగానే పంచె ఎగ్గట్టి గుంటకి వచ్చేవాడు. ముందు పని చేసేవాడు, ఆ తర్వాత తిట్టేవాడు, ఆ తిట్టేది కూడా చేసిన ఫలానా పనికి. తర్వాత అందరూ కలిసి అన్నం తినేవాళ్లు. ఎప్పుడు, దేనికి, ఎంతసేపు తిడతాడో అందరికీ తెలుసు. కొడుకు విషయంలో అది తెలియదు. ఒక రాత్రి మంచిగా వింటారు, ఇంకో రాత్రి అదే కబురుకి ఫోన్‌లోనే విరుచుకుపడతారు. 2016లో ఆర్చీ డి బెర్కర్ బృందం చేసిన ప్రయోగంలో, రాయి కింద పాముందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి చిన్న షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, తగులుతుందో లేదో సగం సగం అన్నప్పుడే ఎక్కువ ఒత్తిడి కనిపించింది. కొడుకు మంచిగా వినే రాత్రులు కూడా మేలు చెయ్యలేదు, ఊహకి అందకుండా చేశాయి అంతే.

పని చెయ్యనివి

యజమాని పట్టుబట్టి ఒక పూట క్లాసు పెట్టించుకున్నారు. అమిగ్డలా (ప్రమాదానికి చప్పున స్పందించే మెదడు భాగం), ప్రీఫ్రంటల్ కార్టెక్స్ (ఆలోచించి అదుపు చేసుకునే భాగం), కోపం వచ్చినప్పుడు ఏం జరుగుతుంది, బొమ్మలతో సహా. అందరికీ బ్రహ్మాండంగా నచ్చింది. వారం తిరగకముందే అది సాకుగా మారింది. "ఏం చెయ్యను, నా అమిగ్డలా లేచింది" అని తిట్టేశాక యజమాని నవ్వుతూ అనడం మొదలైంది. సూపర్‌వైజరు కూడా అదే పట్టుకున్నాడు. సంబంధం లేకపోయినా మెదడు మాట ఒకటి జోడిస్తే పేలవమైన వివరణ కూడా మామూలు జనానికి బాగున్నట్టు కనిపిస్తుందని డీనా వైస్‌బర్గ్ బృందం 2008లోనే చూపించింది. నా వృత్తిలో దీని మీద చాలా వ్యాపారం నడుస్తోంది, అది వేరే సంగతి. పైగా అమిగ్డలాని భయానికి కేంద్రమని చెప్పుకోవడం సరికాదని, దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన జోసెఫ్ లెడూయే తర్వాత గట్టిగా చెప్పారు.

రెండోది ఊపిరి, అంకెలు లెక్కపెట్టడం, కోపానికి పేరు పెట్టుకోవడం. పేరు పెట్టుకోవడానికి ఆధారం ఉంది. ఎదుటి ముఖంలోని భావానికి మాట జోడిస్తే అమిగ్డలా స్పందన తగ్గడాన్ని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూసింది. పగటిపూట ఆఫీసులో ఆయన ఇవన్నీ చక్కగా చేసేవారు. రాత్రి మూడున్నరకి ఫోన్ మోగితే మాత్రం ఒక్కటీ గుర్తుకొచ్చేది కాదు. కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. మన చేతిలో లేని ఒత్తిడి పడినప్పుడు ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పనితీరు చాలా త్వరగా దెబ్బతింటుందని యేల్ యూనివర్సిటీలో ఎమీ ఆర్న్‌స్టెన్ ఎన్నో ఏళ్ల పరిశోధనతో చెప్పారు. ఆగి ఆలోచించి చెయ్యాల్సిన చిట్కా ఏదైనా ఆ భాగం మీదే ఆధారపడుతుంది. సరిగ్గా అవసరమైన క్షణంలోనే అది చేతికి అందదు.

మూడోది యజమాని సొంత ఆలోచన. ఫోన్ చేసిన ప్రతిసారీ నగదు బహుమతి. నాకు పూర్తిగా ఇష్టం లేకపోయినా వద్దనలేదు, ఎందుకంటే చర్యని లాభానికి ముడిపెట్టడమే కదా మనం అనుకుంటున్నది. ఫోన్లు పెరిగాయి, నిజమే. 4.6కి కూడా ఫోను, కుక్క గట్టు దాటితే ఫోను. యజమానికి ఉన్న కాస్త నిద్రా పోయింది. నిద్ర పోయాక కోపం పెరిగింది. కుర్రాళ్లు డబ్బు కూడా వదులుకుని మళ్లీ మౌనంలోకి వెళ్లారు.

ఇక్కడే అసలు ముడి కనిపించింది. ఇంతవరకు కుర్రాళ్ల వైపే చూస్తున్నాం. ఆయన రెండేళ్లుగా ఒక్క రాత్రి కూడా కుదురుగా నిద్రపోలేదు. సీజన్లో పన్నెండుకి, రెండుకి, నాలుగుకి లేస్తారు. నిద్రలేని మెదడు మీద 2007లో సియుంగ్-షిక్ యూ, మాథ్యూ వాకర్ తదితరులు చేసిన ప్రయోగంలో, దాదాపు ముప్పై ఐదు గంటలు మేలుకున్నవాళ్ల అమిగ్డలా బాధాకరమైన చిత్రాలకు నిద్రపోయినవాళ్లకంటే 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో పెట్టే మధ్య ప్రీఫ్రంటల్ భాగంతో సంబంధం కూడా బలహీనపడింది. అది ల్యాబులో, మొత్తంగా నిద్ర లేకుండా చేసినవాళ్ల మీద. ముక్కలు ముక్కలుగా నిద్రపోయే మనిషికి అదే అంకె వర్తిస్తుందని నేను చెప్పను. కానీ ఈయనకి స్వభావం గురించి క్లాసు పీకేముందు నిద్ర గురించి అడగాలన్నది మాత్రం తేలిపోయింది.

పని చేసింది

మొదటి మార్పు, రాత్రి ఫోన్ యజమానికి పోకుండా చెయ్యడం. ఇది ఆయన బాగా ఎదిరించారు. "నా గుంట, నాకు తెలియకుండా ఎట్లా?" తెలియకుండా కాదు, మొదట తెలియడం వద్దు అన్నాను. ఆయన బామ్మర్ది, ఒక సీనియర్ టెక్నీషియన్, ఆయన ముగ్గురూ రాత్రుళ్లు వంతులు వేసుకున్నారు. ఎవరి వంతయితే వాళ్ల ఫోనే మోగుతుంది. ఆయనకి మూడు రాత్రుల్లో రెండు పూర్తిగా నిద్ర. మొదటి వారం నిద్ర పట్టక లేచి కూర్చునేవారట. తర్వాత పట్టింది. ఇంట్లో వాళ్లావిడ నాతో, "ఇప్పుడు పొద్దున కాఫీ ఇస్తే తీసుకుంటున్నారు, ముందు గ్లాసు ఎక్కడ పెడుతున్నామో కూడా చూసేవారు కాదు" అన్నారు. కోచింగ్‌లో నాకు దొరికిన కొలమానాల్లో ఇది బాగా నచ్చింది.

రెండోది, ఏం చెప్పాలి, ఏం చెయ్యాలి అన్నది ముందే రాసిపెట్టడం. ఈ సమయానికి, ఈ పరిస్థితి వస్తే, ఈ పని చేస్తాను అని ముందే ముడివేసుకుంటే, ఆ క్షణంలో ఆలోచించే భారం తగ్గుతుందని పీటర్ గొల్విట్జర్ 1999 నాటి వ్యాసంలో వివరించారు. మూడున్నరకి ఆలోచించే శక్తి లేదని అనుకున్నాం కాబట్టి ఆలోచన అక్కర్లేని పద్ధతే కావాలి. షెడ్డు గోడకి అట్ట కట్టారు: డీవో 4 కిందికొస్తే ఆగి ఉన్న ఏరేటర్లన్నీ వెయ్యి, 3.5 కిందికొస్తే ఫోన్ చెయ్యి. ఏ అంకె దగ్గర ఏం చెయ్యాలన్నది నిర్ణయించింది టెక్నీషియన్, నేను కాదు. ఫోన్ ఎత్తినవాడికి కూడా అట్ట ఉంది, అది ముఖ్యం. మొదటి మాట "మంచి పని చేశావ్." రెండో మాట "రీడింగ్ ఎంత?" పక్కన కొట్టివేసిన గీతతో "ఎందుకు" అన్న మాట. ఎందుకు అన్న ప్రశ్న ఆ రాత్రి ఎవరూ అడగకూడదు. ఆ ప్రశ్న పొద్దున పది తర్వాతే, అదీ గట్టు మీదే, నలుగురిలో కాకుండా.

"మంచి పని చేశావ్" అనడం యజమానికి చాలా కష్టమైంది. మా వైపు మగవాళ్లం మెచ్చుకోవడం అంటే వెన్ను చరిచి ఒక బూతు మాట అనడమే. అట్ట చదివినట్టు చదివేసేవారు మొదట్లో. అలా చదివినా పనిచేసిందన్నది నా గమనిక. కుర్రాళ్లకి కావలసింది ప్రేమ కాదు, ఏం వస్తుందో ముందే తెలియడం. తండ్రి దగ్గర ఉన్నది అదే.

తప్పుడు హెచ్చరికల గురించి గట్టిగా వాదించుకున్నాం. డీవో మీటర్ ప్రోబ్ మురికి పట్టి తప్పు రీడింగ్ చూపించి ఫోన్ వస్తే? అప్పుడూ అదే రెండు మాటలు. పొద్దున ప్రోబ్ శుభ్రం చేయించండి, కుర్రాణ్ణి ఏమీ అనొద్దు. ఒక్క తప్పుడు ఫోన్‌కి తిడితే పది నిజమైన ఫోన్లు పోతాయని లెక్క వేసి చూపించాను. ఆయన రైతు, లెక్క అర్థమైంది.

ఆ తర్వాత లాగ్ బుక్ ఘోరంగా తయారైంది. తెల్లవారుజామున 3.9, 3.6, ఒకచోట 3.2. యజమాని హడలిపోయి ఫోన్ చేశారు, "ట్రైనింగ్ ఇచ్చాక గుంటలు పాడైపోతున్నాయి" అని. గుంటలు ముందూ ఇలాగే ఉన్నాయి, ఇప్పుడు కనిపిస్తున్నాయి అని చెప్పాల్సి వచ్చింది. తొంభైల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద చేసిన పరిశోధనలో ఇదే జరిగింది. మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి, ఎందుకంటే అక్కడ దాచకుండా చెప్పుకుంటున్నారు. ఆ 3.2 రాత్రి ఏరేటర్లు వేసి, ఫోన్ చేసి, బామ్మర్ది బండేసుకుని వెళ్లేసరికి రీడింగ్ పైకి లేస్తోంది. ఆ గుంట పూర్తి కౌంట్‌కి పట్టారు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గట్టి పరీక్ష వచ్చింది. రేటు పడిపోతుందని టెన్షన్, ఏజెంట్ల ఫోన్లు, ఫీడ్ డీలరు బాకీ. ఆయన వంతు కాని రాత్రి కూడా లేచి షెడ్డుకి ఫోన్ చేసి అరిచారు. కొద్ది రోజుల్లోనే పుస్తకంలో మళ్లీ 4.8, 4.8. ఈసారి ఆయనే పట్టుకున్నారు. కుర్రాళ్లని కూర్చోబెట్టి "రేటు మీద కోపం మీ మీద చూపించా" అన్నారు. వంతు లేని రాత్రి ఆయన ఫోన్ వాళ్లావిడ దగ్గర ఉండాలని కొత్త నియమం ఆయనే పెట్టుకున్నారు.

ఎక్కడ ఆగింది

ఈ పద్ధతి అంతా నడిచాక, మేత దొంగతనం విషయంలోనూ ఇదే పెడదామన్నారు. షెడ్డు నుంచి మేత బస్తాలు బయటికి పోతున్నాయని అనుమానం. కబురు చెప్పినవాణ్ణి మెచ్చుకోవడం, ప్రశ్నలు పొద్దున, అంతా అలాగే. ఒక్క కబురూ రాలేదు. డీవో పడిందని చెప్పడంలో చెడ్డవాడు ఎవరూ లేరు, నీళ్లే కారణం. బస్తా పోయిందని చెప్పడం అంటే పక్క మంచం మీద పడుకునేవాణ్ణి పట్టివ్వడం. రాత్రి తిట్ల భయం తీసేసినంత మాత్రాన ఆ భయం పోదు, దాన్ని కలిగించేది యజమాని కాదు కాబట్టి. దానికి బస్తాల లెక్క చూసే పద్ధతే మార్చాలని చెప్పాను. ప్రస్తుతం మేత రోజూ తూకం వేసి, దించేటప్పుడూ గుంటకి వేసేటప్పుడూ వేర్వేరు మనుషులు సంతకం పెడుతున్నారు. ఈ పంట పట్టుబడి అయ్యాక ఆ లెక్కలు చూస్తాం.